ఉత్ఖననము – త్రవ్వకము – వెలికితీత : ఒక పదవిమర్శ

తెలుగు పత్రికలలో 'ఖననము' అను మాట కనబడినచో దానికి పాతిపెట్టుట యని అర్థము. దహనము కాని అంత్యక్రియ ఖననము. అదే మాట సంస్కృతమున త్రవ్వుట యను అర్థములో నున్నది. గోతిని త్రవ్వుటయే ఖననము. ఆ గోతిలో నేమి ఉంచుదురు, దేనిని తీయుదురు అను ప్రసక్తి ఆ మాటలో లేదు. ఇట్లుండగా చరిత్ర పుస్తకములలోను, పురావస్తు పరిశోధకుల రచనలలోను 'ఉత్ఖననము' అను మరియొక మాట వచ్చుచున్నది. భూమిలో కప్పబడియున్న దానిని త్రవ్వి పైకి తీయుట దాని అర్థము. ఒకే ధాతువునుండి పుట్టిన రెండు మాటలలో ఒకటి పాతుటకును, రెండవది పాతినదానిని తీయుటకును తెలుగున నిలిచినవి. ఈ వింత యెట్లు కలిగినది? ఈ మాట మనకెంతవరకు పనికివచ్చును? మన నోట నున్న మాటలు చాలవా? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విమర్శింపదలచితిని.

ఇది పండితుల వినోదమునకు మాత్రమే పనికివచ్చు చర్చ యని చదువరులు తలపగూడదు. తెలుగునాటి వెలుపల తెలుగు చదువుకొను పిల్లలకు ఒక్కొక్క మాట రెండు మూడు భాషలనుండి ఎదురువచ్చును. బళ్లారి తరగతి గదిలో 'ఖననము' అను మాటకు అర్థము వ్రాయుమనగా, ఒక బాలిక 'పాతిపెట్టుట' యని వ్రాసినది. ఒక బాలుడు 'గనులు త్రవ్వుట' యని వ్రాసినాడు. ఆ బాలుడు హిందీ పాఠములో 'ఖనన్' అను మాటను ఆ అర్థములోనే నేర్చినాడు. సండూరు ఇనుపగనుల వార్తలు చదువు ఊరివాడు. బాలిక తెలుగు పత్రిక చదువు ఇంటిది. ఇద్దరును తమ తమ భాషలో సరిగానే వ్రాసిరి. వారి చేతికి వచ్చిన ఒక వాచకములో మాత్రము 'ఖననము – పాతిపెట్టుట. ఉత్ఖననము – త్రవ్వుట' అని పక్కపక్కనే అచ్చువేసి, ఒక దానికొకటి ఎట్లు సంబంధించినదో ఒక్క ముక్కయైనను చెప్పలేదు. ఉపాధ్యాయుడు ఆ లోపమును పూరింపకున్నచో, పిల్లవాడు ఆ రెండు మాటలను అర్థము లేని మంత్రములవలె వల్లించును.

ముందుగా ధాతువును చూతము. 'ఖన్' అనగా త్రవ్వుట. ఈ ధాతువు సంతానము తెలుగున చాల యున్నది. ఖని యనగా త్రవ్వి తీయు చోటు. దాని తద్భవమే మన 'గని'. కన్నడమున 'గణి' యనునదియు అదియే. గనిలో పుట్టినది ఖనిజము. కోట చుట్టును త్రవ్విన కందకము పరిఖ. త్రవ్వు పనిముట్టు ఖనిత్రము. త్రవ్వువాడు ఖనకుడు, భారత కథలో లక్కయిల్లు కాలకముందే పాండవులకు సొరంగమును సిద్ధపరచుటకు విదురుడు పంపినవాడు ఖనకుడే. ఎలుకకు 'ఆఖువు' అను పేరును ఈ ధాతువునుండియే వచ్చినది. నేలను త్రవ్వునది గనుక ఆఖువు. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లను మన సామెతలో పట్టుపడినదియు ఒక త్రవ్వునదియే యన్నమాట. ఈ మాటలలో ఒక్కటియు పాతిపెట్టుట యను అర్థమును తాకదు. అన్నిటిలోను త్రవ్వుటయే ప్రధానము.

పాతిపెట్టుటకు సంస్కృతమున వేరు మాట కలదు. 'ని' యను ఉపసర్గ చేరి 'నిఖననము' అయినచో లోనికి దింపుట, పాతుట యని అర్థము వచ్చును. అథర్వవేదము పదునెనిమిదవ కాండలో పితృదేవతలను పేర్కొనుచోట పాతిపెట్టబడినవారిని 'నిఖాతులు' అనియు, కాల్చబడినవారిని 'దగ్ధులు' అనియు విభజించి చెప్పబడినది. 'ఉత్' అను ఉపసర్గ చేరినచో పైకి అను అర్థము కలిగి, 'ఉత్ఖననము' త్రవ్వి పైకి తీయుట యగును. దాని క్తాంతరూపము 'ఉత్ఖాతము'. కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గలో, రఘుమహారాజు ఓడించి మరల నిలిపిన వంగరాజులను, నారుమడినుండి పెరికి మరల నాటిన వరిమొక్కలతో పోల్చుచు ఈ ఉత్ఖాతశబ్దమును వాడినాడు. అనగా సంస్కృతమున ఈ మాట ఎముకలకు, శిథిలములకు మాత్రమే పరిమితమైనది కాదు. పెరుకుట, పెళ్లగించుట, వేళ్లతో తీయుట యన్నియు దానిలో ఇమిడియున్నవి.

కాబట్టి సంస్కృతమున మూడు మెట్లు స్పష్టముగా నున్నవి: ఖననము త్రవ్వుట, నిఖననము పాతుట, ఉత్ఖననము త్రవ్వి తీయుట. దిక్కును చెప్పునది ఉపసర్గ. తెలుగు ఈ మూటిలో నడిమి మాటను విడిచిపెట్టినది. 'నిఖననము' తెలుగు వ్యవహారమున లేదు. దాని అర్థము మాత్రము పోక, ఉపసర్గ లేని 'ఖననము' మీదికి వచ్చి చేరినది. పేరు పోయి పని మిగిలినపుడు దగ్గరి బంధువు ఆ పనిని నెత్తికెత్తుకొనుట లోకములో ఉన్నదే. భాషలోను అట్లే జరిగినది.

ఈ మార్పునకు కారణము కేవలము అజ్ఞానము కాదని నా అభిప్రాయము. చావునకు సంబంధించిన పనులను మన జనము సూటిమాటలతో చెప్పుటకు వెనుదీయుదురు. చచ్చెననరు, కాలము చేసెనందురు, పోయెనందురు. కాల్చిరనరు, దహనము చేసిరందురు. 'పాతిపెట్టిరి' యనినచో ఆ మాట మొరటుగా చెవిని తాకును. గుంజను పాతుదురు, రాతిని పాతుదురు, ధాన్యమును పాతర వేయుదురు. తల్లిని, తండ్రిని గూర్చి ఆ మాటను వాడుటకు నోరు రాదు. సన్న్యాసికి, జంగమునకు 'సమాధి' యను మాట కలదు. తక్కినవారికి దహనముతో జోడుగా పలుకుటకు ఒక గౌరవపు మాట కావలసివచ్చినది. దహనము, ఖననము అను జంట చెవికి కుదిరినది. పాతుటకు ముందు త్రవ్వక తప్పదు గనుక, మొదటి పనిని చెప్పు మాట మొత్తము పనిని కప్పినది. ఇది తప్పు కాదు, అర్థసంకోచము. 'మృగము' అను మాట సంస్కృతమున లేడికి నిలువగా, తెలుగున క్రూరజంతువునకు నిలిచినది. దానిని తప్పనువారు లేరు గదా!

ఇప్పుడు 'ఉత్ఖననము' సంగతి. తెలుగువాడు ఈ మాటను విన్నపుడు అతని మనస్సులో ఏమి జరుగును? ఖననమనగా పాతుట; 'ఉత్' చేరగా దానికి వ్యతిరేకము; కాబట్టి పాతినదానిని తీయుట. సంస్కృత పండితుడు 'పైకి త్రవ్వుట' యను దారిన వచ్చి చేరిన చోటికే తెలుగువాడు 'పాతుటను తలక్రిందులు చేయుట' యను దారిన వచ్చి చేరుచున్నాడు. దారులు ఎదురెదురు, ఊరు ఒక్కటే. ఇంగ్లీషు న్యాయభాషలో ఈ పనికి రెండు మాటలున్నవి. 'ఎగ్జ్యూమ్' అనునది లాటిన్ 'హ్యూమస్', అనగా మన్ను, నుండి వచ్చినది. మన్నునుండి వెలికి అని దాని భావము. 'డిస్‌ఇంటర్' అనునది మన్నులో నుంచుట యను అర్థము గల 'ఇంటర్' అను మాటకు వ్యతిరేకార్థకము చేర్చి కట్టినది. తెలుగువాని మనస్సులోని ఉత్ఖననము ఈ రెండవ మాటవంటిది. పండితుని ఉత్ఖననము మొదటిదానికి దగ్గర. కట్టడమునందలి ఈ తేడాను గుర్తింపక రెండును ఒక్కటేయని తలచుట వలననే వాచకములోని ఆ గందరగోళము పుట్టినది.

మన నేలమీద అవశేషములను భూమిలో నుంచుటకును, తీయుటకును సంబంధించిన మాట ఎంత ప్రాచీనమైనదో భట్టిప్రోలు తెలుపుచున్నది. అచటి స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు రాతి భరిణెలు, వాటిలో బుద్ధుని ధాతువులు బయల్పడినవి. ఆ భరిణెలమీది ప్రాకృత శాసనములను గియార్గ్ బ్యూలర్ పరిష్కరించి ప్రకటించెను. బుద్ధుని శరీరావశేషములను లోపల ఉంచుటకై ఆ భరిణెను చేయించితిమని దాతలు చెప్పిన చోట 'నిఖేతు' అను రూపము కలదు. చూచుటకు ఇది ఖన్ ధాతువువలె కనబడును. కాని బ్యూలర్ దానిని 'నిక్షేపించుటకు' అను అర్థములో గ్రహించెను. ప్రాకృతమున 'క్ష' యనునది 'ఖ' యగుట సామాన్యము. ఇక్కడ పాతుట యను భావము లేదు. భద్రముగా నుంచుట యను భావమున్నది. ఆ 'నిక్షేపము' తెలుగున నేటికిని బ్రతికియున్నది. భూమిలో దాచిన ధనము నిక్షేపము. అంతటితో ఆగక, చెక్కుచెదరకుండ ఉన్న మనిషిని 'నిక్షేపముగా నున్నాడు' అందుము. భూమిలో నుంచినది క్షేమముగా నుండునను నమ్మకము ఆ పలుకుబడిలో నిలిచిపోయినది.

'ధాతువు' అను మాటను గూర్చియు ఇక్కడనే ఒక ముక్క చెప్పవలెను. వ్యాకరణమున క్రియకు మూలమైనది ధాతువు; బౌద్ధమున మహాత్ముని శరీరములో మిగిలినది ధాతువు. ధాతువులను గర్భమున నుంచుకొన్న స్తూపము ధాతుగర్భము. మార్పులన్నియు జరిగిన పిమ్మట చెడక మిగులునదియే రెండుచోట్లను ధాతువు. ఈ పోలికను అంతకుమించి సాగదీయుట యుచితము కాదు గాని, మాటలను విచారించువాడును, మన్నును విచారించువాడును ఒకే జాగ్రత్త పాటింపవలెనని మాత్రము దీనివలన గ్రహింపవచ్చును. ఏ పొరలో దొరికినదానిని ఆ పొరలోనిదిగానే చూడవలెను. నేటి తెలుగు అర్థమును వేదకాలపు పొరలో వెదకరాదు. వేదకాలపు అర్థమును నేటి పత్రికమీద రుద్దరాదు.

ఇక మన యింటి మాటలు. 'త్రవ్వు' అనునది ప్రాతరూపము. క్రొత్త 'కొత్త' యైనట్లు, మ్రాను 'మాను' అయినట్లు, అది 'తవ్వు' అయినది. దానినుండి త్రవ్వకము. బావి త్రవ్వకమునకును, పునాది త్రవ్వకమునకును, పాతనగరపు త్రవ్వకమునకును ఇదియే మాట. 'పూడు' అనగా మన్నుతో నిండుట. 'పూడ్చు' అనగా నింపుట, కప్పుట. కన్నడమున పాతిపెట్టుటను 'హూళు' అందురు. ఈ రెండును ఒక తల్లి బిడ్డలు. కన్నడ తమిళములలో 'ఏళు' అను సంఖ్య మనకు 'ఏడు' అయినట్లును, వారి 'కోళి' మన 'కోడి' యైనట్లును, వారి ళకారమునకు కొన్ని మాటలలో మన డకారము వచ్చును. అదే సూత్రము చొప్పున కన్నడపు 'హాళు' మనకు 'పాడు'. తమిళమున త్రవ్వుటకు 'అగళ్' అను ధాతువు, కందకమునకు 'అగళి' యను పేరు. ఆ ధాతువు తెలుగున క్రియగా మిగులలేదు గాని, కోటచుట్టు కందకమైన 'అగడ్త'లో దాగియున్నది. కన్నడిగుడు బావిని 'తోడు'ను. మనము బావినుండి నీటిని 'తోడు'దుము. మాట ఒక్కటే; వారికి అది త్రవ్వుట, మనకు లోనిదానిని పైకి తీయుట. బళ్లారివంటి చోట్ల ఈ రెండు 'తోడు'లును ఒకే వీధిలో వినవచ్చును.

శిథిలములను గూర్చి మన పల్లెవారికి గల పరిజ్ఞానమును తక్కువగా చూడరాదు. పాడుపడిన ఊరి దిబ్బను 'పాటిదిబ్బ' యందురు. 'పాడు' అను మాటకు ఔపవిభక్తికరూపము 'పాటి'. ఆ దిబ్బ మన్ను 'పాటిమన్ను'. దానిని ఎరువుగా పొలములకు తోలుదురు. ఈ ఊరికి ముందు ఇక్కడ మరియొక ఊరుండెనను చరిత్రజ్ఞానము ఆ ఒక్క మాటలో నున్నది. ప్రాచీన శిలాసమాధులను తెలంగాణమున 'రాక్షసగుళ్లు' అనిరి. కొప్పళ జిల్లాలోని హిరేబెణకల్ వద్ద వందలకొలది శిలాసమాధులున్న గుట్టను కన్నడిగులు 'మోర్యర గుడ్డ' యనిరి. అమరావతి స్తూపమున్న దిబ్బ పేరు 'దీపాలదిన్నె'. ఈ పేర్లు పెట్టినవారెవరును పురావస్తుశాస్త్రము చదువలేదు. అయినను ఇది మన కాలపుది కాదని గుర్తించిరి. గుర్తించి పేరు పెట్టిరి.

ఇన్ని మాటలుండగా 'ఉత్ఖననము' ఎందులకు? దానిని సమర్థించువారు రెండు కారణములు చెప్పుదురు. మొదటిది: ఇది సంస్కృతపదము గనుక భారతదేశమంతటను ఒక్కటిగా తెలియును, తెలుగువాడు ఏ రాష్ట్రమునకు పోయినను పనికివచ్చును. వినుటకు ఇది బాగున్నది. తెలుగునాటి వెలుపల నివసించు మనము దీనిని పరీక్షించుటకు తగినవారము. మహారాష్ట్రమున 'ఉత్ఖనన' అను మాట పురావస్తు పరిశోధనకును ఉన్నది. ఇసుకను, రాతిని అక్రమముగా త్రవ్వుకొనిపోవుటకును ఉన్నది. అచటి పత్రికలో 'అవైధ ఉత్ఖనన' అని చూచిన తెలుగు బాలుడు దొంగలు ప్రాచీన నగరమును త్రవ్విరనుకొనిన నవ్వరాదు. ఒడిశాలోను హిందీలోను 'ఖనన' మనగా గనుల పని. కర్ణాటకమున పురావస్తువులకు 'ఉత్ఖనన' యున్నను, గనుల పనికి 'గణిగారికె' యను వేరు మాట యున్నది. తమిళనాట ఈ సంస్కృతపదమునకు చోటే లేదు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానాములో రాజభాషయైన ఫ్రెంచి ఈ మాట నెరుగనే యెరుగదు. అందు పురావస్తువుల త్రవ్వకమునకు 'ఫూయ్' అని, సమాధినుండి తీయుటకు వేరొక మాట. అక్షరములు ఒక్కటియైనంత మాత్రమున అర్థము ఒక్కటి కాదు. అన్ని ఊళ్లలో చెల్లుననుకొన్న నాణెము ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క విలువకు మారుచున్నది.

రెండవ కారణము ఇంతకన్న బలమైనది. దానిని త్రోసివేయుట న్యాయము కాదు. 'త్రవ్వకము' అను మాట మంచిపనికిని, చెడుపనికిని ఒక్కటిగా నున్నదందురు. ఇది నిజము. పత్రికలలో 'గుప్తనిధుల కోసము త్రవ్వకములు' అను వార్త వచ్చిన పుటలోనే 'పురావస్తుశాఖ త్రవ్వకములు' అను వార్తయు వచ్చును. అర్ధరాత్రి గుడిలో నందివిగ్రహమును పెకలించువాడును, బ్రష్షుతో మన్నును తుడిచి కొలతలు వ్రాసికొనువాడును ఒకే మాటక్రిందికి వచ్చుట బాధాకరమే. అమరావతి దీనికి ఉదాహరణము. పద్దెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కాలమున దీపాలదిన్నెను కట్టడపు రాతికొరకు త్రవ్విరి. ఎన్నియో ఫలకములు నశించినవి. కాలిన్ మెకంజీ ఆ చోటిని చూచి, పిమ్మట బొమ్మలు వ్రాయించినందున కొంతయైనను తెలిసినది. తెలుగు మాటలో రెండును త్రవ్వకములే. నాగార్జునకొండలో 1954 మొదలు 1960 వరకు, జలాశయము లోయను ముంచకముందే ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున జరిగినదియు త్రవ్వకమే. అది లేకున్నచో ఇక్ష్వాకుల విజయపురి చరిత్ర చాల భాగము నీటిపాలయ్యెడిది. ఒకటి నాశనము, ఒకటి రక్షణము.

కాని దీనికి మందు ఉత్ఖననమా? ఆ మాటలోను పరిశోధన యను భావము లేదు; ఉన్నది త్రవ్వి తీయుట మాత్రమే. మహారాష్ట్రమున ఇసుకదొంగకును అది దక్కినదని పైన చూచితిమి. కఠినమైనంత మాత్రమున మాట పవిత్రము కాదు. తమిళులు ఈ చిక్కును ఎట్లు విడదీసిరో చూడదగును. వారు 'అగళ్' అను తమ ధాతువునకు పరిశోధన యను అర్థము గల 'ఆయ్వు'ను చేర్చి 'అగళాయ్వు' అనిరి. త్రవ్వి పరిశీలించుట యని దాని అర్థము. ఆదిచ్చనల్లూరులో అలెగ్జాండర్ రీ పంతొమ్మిదవ శతాబ్దము చివర త్రవ్వించిన సమాధిభాండముల చోటు నేడు వారి పిల్లలకు ఆ మాటతోనే పరిచయమగుచున్నది. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ. పూ. 2172 నాటిదని 2022లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినపుడు, ఆ జిల్లా తెలుగువారును ఆ వార్తను 'అగళాయ్వు' అను మాటతోనే వినిరి. మాట తెలిసినందున విషయము జనమునకు సొంతమైనది. మన సమీపమున సంగనకల్లు కొండలను 1940లలో పరిశోధించి బళ్లారి శిలాయుగ సంస్కృతులను గూర్చి గ్రంథము వ్రాసినవారు బెండపూడి సుబ్బారావు. తెక్కలకోటలో 1963–64లో నవీనశిలాయుగపు మనుష్యుల సమాధులు బయల్పడినవి. ఈ సంగతులు మన పిల్లలకు ఏ మాటతో చెప్పుచున్నాము? మాట అడ్డముగా నిలిచినచో వస్తువు కనబడదు.

కావున భూమిలోని ఊళ్లకు, కట్టడములకు, వస్తువులకు 'త్రవ్వకము' అను మాటనే నిలుపుకొని, భేదము చెప్పవలసినచోట 'పురావస్తు త్రవ్వకము', 'పరిశోధక త్రవ్వకము' అని విశేషణము చేర్చుట చాలును. దొంగపనికి 'గుప్తనిధుల వేట' యను మాట ఇప్పటికే వ్యవహారములో నున్నది; పత్రికలవారు దానిని అక్కడనే వాడి, 'త్రవ్వకము'ను పనిమంతులకు విడిచినచో సగము చిక్కు తీరును.

ఇంకొక పని యున్నది. అది అన్నిటికంటె సున్నితమైనది. ఊరిని త్రవ్వుట వేరు, మొన్నటివరకు మనతో నుండి పోయిన మనిషిని సమాధినుండి తీయుట వేరు. మరణకారణమును తెలిసికొనుటకై, పాతిపెట్టబడిన శరీరమును బయటికి తీయించి పరీక్షింపజేయు అధికారమును 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 176వ సెక్షన్ మేజిస్ట్రేటునకిచ్చినది. దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్‌లోను ఆ అధికారము కొనసాగుచున్నది. అట్టి ఉత్తరువు వచ్చినపుడు దానిని చదువునది విద్వత్సభ కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, భర్తను పోగొట్టుకొన్న భార్య. ఆమెకు 'మీ కుమారుని మృతదేహ ఉత్ఖననము' అని వ్రాసియిచ్చినచో ఆమె ఏమి గ్రహించును? 'ఖననము' అను భాగము మాత్రము తెలిసి, మరల పాతిపెట్టుదురేమో యనుకొనవచ్చును. ఏ పనికి ఆమె సమ్మతింపవలెనో, ఏ పనిని గూర్చి ప్రశ్నింపవలెనో, ఆ పని పేరే ఆమెకు తెలియకపోవుట అన్యాయము. పత్రికలవారు ఈ విషయమున కార్యాలయములకంటె మేలు. 'తహసీల్దారు సమక్షమున మృతదేహమును వెలికితీసి పంచనామా జరిపిరి' అని వ్రాయుదురు. అది అందరకు తెలియును.

'వెలికితీత' యను మాటకును ఒక ఆక్షేపణ రావచ్చును. బొగ్గు వెలికితీత యని గనుల విషయమున దానిని వాడుచున్నారు. మనిషికిని, బొగ్గునకును ఒకే మాటయా? 'పాతిపెట్టుట' మొరటని ఖననమును తెచ్చుకొన్న జనము దీనిని ఒప్పుదురా? ఒప్పుదురనియే నా విశ్వాసము. ఏలననగా పాతుటలో గల కాఠిన్యము వెలికితీయుటలో లేదు. బావిలో పడినవానిని వెలికితీయుదురు, నిజమును వెలికితీయుదురు. వెలి యనగా వెలుపల. చీకటినుండి వెలుపలికి తెచ్చుట యను భావము ఆ మాటలో నున్నది. మరణకారణమును వెదకు పనికి ఇంతకంటె తగిన మాట దొరకదు. 'దేహము' అను మాటను ముందు చేర్చి 'దేహమును వెలికితీయుట' యనినచో గౌరవమునకును లోపము రాదు.

అట్లని 'ఉత్ఖననము'ను బహిష్కరింపవలెనని నేననను. అది గ్రంథములలో నున్నది, పరీక్షలలో నున్నది. మరాఠీ కన్నడములు చదువు పిల్లలకు ఎదురగుచునే యుండును. దానిని చెప్పవలసిన తీరున చెప్పుట మన పని. ఖన్ ధాతువును ముందు చెప్పి, గనిని, ఖనిజమును, పరిఖను చూపి, 'ని' చేరిన లోనికి, 'ఉత్' చేరిన పైకి అని బోధించి, తెలుగున నడిమి మాట జారిపోయి దాని అర్థము ఖననముమీద చేరినదని వివరించినచో, పదేండ్ల పిల్లవాడు సైతము గ్రహించును. అప్పుడు హిందీలోని 'ఖనన్' అతనిని కలవరపెట్టదు. మరాఠీ పత్రిక మోసగింపదు. పైగా అగడ్తకును అగళాయ్వునకును గల చుట్టరికమును తానే పట్టుకొనును. ఇరుగుపొరుగు భాషల నడుమ పెరుగుట మన పిల్లలకు బరువని చెప్పువారున్నారు. మాటల పుట్టుక తెలియజేసినచో అది బరువు కాదు, బలము.

తేలిన సారాంశమిది. భూమిలోని ప్రాచీనావశేషములకు త్రవ్వకము. పాతిపెట్టిన మనిషి విషయమున వెలికితీత. ఉత్ఖననము చదువుకొని గ్రహింపవలసిన గ్రంథపదము. మూటికిని వేర్వేరు తావులున్నవి. ఒకదాని తావును మరియొకదాని కిచ్చుట వలననే చిక్కులు పుట్టుచున్నవి. తెలుగు వాచకములను కూర్చువారును, కార్యాలయములలో తెలుగున ఉత్తరువులు వ్రాయువారును ఈ విషయమును ఆలోచింతురు గాక. మన ఊళ్లలో పాటిదిబ్బలకును, రాతిసమాధులకును పెద్దలు వాడు పేర్లను, త్రవ్వుటకును పూడ్చుటకును గల పలుకుబళ్లను, కోలారు మొదలు బరంపురము వరకు మన ఉపాధ్యాయులు పిల్లలచేత వ్రాయించి ఉంచినచో, రాబోవు సంచికలలో ఈ విమర్శ ఇంకను నిండుగా సాగగలదు. ఆ మాటలు పలుకు పెద్దలు తగ్గుచున్నారు. వారు పోయిన పిదప వాటిని వెలికితీయుట ఏ త్రవ్వకమునకును సాధ్యము కాదు.